అలవాటున్నోళ్ల ఉపవాసం

పోయిన వారం నేను తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉన్నాను. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఎక్కువ అడగొద్దు, నేను కోపంలో ఉన్నాను.

నా పేరు లిడియా. బోధన్‌లో చర్చి వీధి మాది. ఊరి చివర ఎర్రన్న అనే రైతుకు ఒకప్పుడు బెల్లం వండిన షెడ్డు ఉంది. చెరుకు పోయింది, బెల్లం పోయింది, షెడ్డు మిగిలింది. అందులో నేనూ, దర్జీ పని చేసే వాహెదా కలిసి రోజూ మధ్యాహ్నం ముసలివాళ్లకూ దిక్కులేనివాళ్లకూ అన్నం పెడతాం. చాలామందికి రోజు మొత్తంలో ఆ ఒక్క పూటే తిండి. రంజాన్ నెలలో వాహెదా గల్లీవాళ్లకు ఒక అలవాటుంది. తెల్లవారకముందు సహరీ వండుకునేటప్పుడు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. పగలు తాము తినని పూట తాలూకు బియ్యం అన్నమాట. అది మా షెడ్డుకు వస్తుంది. ఎవరూ ఫోటో తీయరు, ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇన్నేళ్లుగా అలాగే నడిచింది.

ఈ ఏడు ఆ సంగతి నిజామాబాద్ రైస్‌మిల్లు భానుప్రసాద్ చెవిన పడింది. ఇక చూడండి! 'సర్వమత ఆకలి నివారణ సమితి' అని ఒకటి పుట్టింది. రంజాన్‌లో ఒక రోజు అన్ని మతాల పెద్దలూ ఫంక్షన్ హాలులో కూర్చుని రోజా, అంటే పగలంతా ఉపవాసం, ఉంటారట. దాన్ని ఫోన్లో లైవ్ పెడతారట. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు అది చూసి, ఉపవాసం ఉన్న ఒక్కొక్క తలకు ఇంతని చందా రాస్తారట. వచ్చిందంతా మా షెడ్డుకేనట. గ్యాస్ బండ కోసం ఇల్లిల్లూ తిరిగి అలిసిపోయి ఉన్నాం, సరే అన్నాం.

ఆ రోజు పొద్దున్నే పప్పు కడుగుదామని వెళ్తే షెడ్డుకు కొత్త తాళం. తలుపు మీద రంగురంగుల బ్యానర్. 'నేడు ఊరంతా ఉపవాసం. మధ్యాహ్న భోజనం ఉండదు.' కిటికీలోంచి తొంగి చూస్తే లోపల బియ్యం బస్తాలు లేవు. ఎప్పుడూ అరుగు మీద కూర్చుని ఉండే ముసలివాళ్లూ లేరు. అక్కడ ఆగింది కథ.

ఎదురుగా చెరుకు రసం బండి పెంటవ్వది. నన్ను చూసి గానుగ ఆపింది.

"ఎవరి కోసం సూస్తున్నవ్ లిడియమ్మా? అందర్ని వ్యాన్ల ఎక్కిచ్చుకపోయిండ్రు. పొద్దుగాలనే."

"ఎవలు?"

"గా అనిల్‌కుమార్ లేడా, భానుప్రసాద్ సేటు ఎనుక తిరుగుతడు. గాయన. బియ్యం సుత ఆటోల ఏసిండు. ఫంక్షన్ హాలుకట. ఏమన్న దావతా?"

దావతు! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అప్పుడే వాహెదా స్కూటీ మీద వచ్చింది. ముఖం చూస్తేనే తెలుస్తోంది, రోజాలో ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బ్యానర్ చదివింది. ఇంకోసారి చదివింది.

"ఊరంతా ఉపాసమా? ఎవల్ని అడిగి రాసిండ్రు గిది?" అంది. "రోజా నాది. ముసలోళ్ల అన్నం బంద్ చెయ్యమని నేనెప్పుడు చెప్పిన?"

"ఎక్కు. పోయి ఆ సేటునే అడుగుదాం," అంటూ స్కూటీ తిప్పింది.

నిజామాబాద్ రోడ్డు మీద ఆ హాలు మీరు చూసే ఉంటారు, బయట రెండు సిమెంటు ఏనుగులుంటాయి. పెళ్లిళ్లలో అవి తొండాలెత్తి స్వాగతం చెబుతున్నట్టు ఉంటాయి. ఆ రోజు వాటి తొండాలకు కూడా సమితి జెండాలు కట్టారు. ఏనుగులను వదల్లేదంటే ముసలివాళ్లను వదులుతారా?

లోపల ఏసీ. ఎంత చల్లగా ఉందంటే చెమట పట్టిన నా వీపు జలదరించింది. వేదిక మీద తెల్లటి పరుపులు, గుండ్రటి దిండ్లు, వెనుక భానుప్రసాద్ నిలువెత్తు ఫోటో. పరుపుల మీద ఎవరూ లేరు. వేదిక కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మాత్రం వరుసగా మా వాళ్లు కూర్చుని ఉన్నారు. షెడ్డు అరుగు మీద కూర్చోవలసిన ప్రతి ఒక్కరూ అక్కడే ఉన్నారు. అందరి గుండెల మీదా పచ్చటి బిళ్ల. దగ్గరికి వెళ్లి చదివాను.

'నేనూ ఉపవాసమే.'

నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ఆకలితో ఉన్నవాళ్లకు సాయం చేయడం కోసం ఆకలితో ఉన్నవాళ్లనే పస్తు పెట్టారు. ఇంత తెలివి ఏ బళ్లో చెప్పి ఉంటారో నాకు తెలియదు. నేను చదివిన మిషన్ స్కూల్లో మాత్రం చెప్పలేదు.

మొదటి వరుసలో సాయవ్వ ఉంది. ఆమె గురించి చెప్పాలి. ఒకప్పుడు చెరుకు కొట్టే ముఠాలో ముందు వరుసలో నడిచిన మనిషి. ఇప్పుడు ఒంటరిది, షుగర్ మనిషి. పొద్దున గోలీ వేసుకుంటుంది, మధ్యాహ్నం మా దగ్గర అన్నం తింటుంది. ఆ రెంటి మధ్య ఆలస్యం అయితే చేతులు వణుకుతాయని సర్కారు దవాఖానాలో నాకు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. అందుకే మా షెడ్డులో మొదటి పళ్లెం ఆమెదే.

"సాయవ్వా, గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న బిడ్డా. మర్సిపోతనా?"

"ఏమన్న తిన్నవా?"

సాయవ్వ నా వైపు చూడలేదు. బిళ్ల సరిచేసుకుంది. "తినద్దన్నరు గదా. మాపటిదాక."

ఆమె నుదుటి మీద సన్నగా చెమట. ఆ ఏసీలో! వాహెదా కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నాకు వాసన వచ్చింది. వేయించిన పల్లీలు, జీలకర్ర, పచ్చిమిర్చి తాలింపు. వేదిక పక్కన తెర వేసిన గదిలోంచి వస్తోంది. ఆ తెర ఎదుట అనిల్‌కుమార్ కాపలా నిలబడి ఉన్నాడు. మెరిసే కుర్తా, మెడలో సమితి కండువా. పెళ్లికొడుకుకు తోడుపెళ్లికొడుకులా ఉన్నాడు.

"మేడం, లోపటికి పోవద్దు. పెద్దలు విశ్రాంతి తీసుకుంటున్నరు."

"పల్లీలు వేయించుకుంటూనా విశ్రాంతి?" అని తెర లాగాను.

ఏం చెప్పమంటారు! గుండ్రంగా కూర్చుని పెద్దలంతా సాబుదాన, అదే సగ్గుబియ్యం, కిచిడీ తింటున్నారు. మధ్యలో కిచిడీ ఉన్న ఇత్తడి గుండి, పక్కన అరటిపళ్ల గెల, ఫ్లాస్కులో టీ. మహారాష్ట్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లు మావి, ఏకాదశికీ శివరాత్రికీ సాబుదాన చేసుకోవడం కొత్తేమీ కాదు. ఆ ఉపవాసం కూడా మనసుపెట్టి చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ వీళ్లు లైవ్‌లో 'రోజా' అని చెప్పుకున్నారు. మంచినీళ్లు కూడా ముట్టమని వేదిక మీద చేతులెత్తి ప్రమాణం చేశారు. ఆ తర్వాత తెర వెనక్కి వచ్చి తమ పద్ధతి తాము మొదలుపెట్టారు.

మా చర్చి పెద్ద శాంతి కుమార్ గారు కూడా అక్కడే ఉన్నారు. ఆదివారం ఆకలిగొన్నవారి గురించి కళ్లనీళ్లు పెట్టుకుని ప్రసంగించే మనిషి. నన్ను చూసి చెంచా ఆపారు కానీ పళ్లెం దించలేదు. సమితిలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారని గొప్పగా చెప్పుకున్నారు కదా, కిచిడీ దగ్గర నిజంగానే ఏ భేదమూ కనిపించలేదు.

భానుప్రసాద్ లేచాడు. తెల్లటి లాల్చీ, మీసం చివర ఒక సగ్గుబియ్యం గింజ. మనిషి ఏమీ తడబడలేదు. సిగ్గుపడాలంటే ముందు అది ఉండాలి కదా.

"రండి లిడియా మేడం! మీ కోసమే చూస్తున్నం. జర ఫలహారం తీసుకోండ్రి."

"రోజా అన్నరు గదా సేటూ?"

"రోజానే. గిది ఫలహారం. ఉపవాసంల తినేది. అన్నం ముట్టలే మేము."

వాహెదా నవ్వింది. ఎండిన పెదవులతో నవ్వితే నొప్పి పుడుతుంది, అయినా నవ్వింది. "నీళ్లు తాగితేనే పోతది సేటూ రోజా. నువ్వు టీ తాగుతున్నవ్."

"మీ పద్ధతి మీది, మా పద్ధతి మాది వాహెదమ్మా. అన్ని మతాలను గౌరవించాలె." అంటూ టీ ఒక గుక్క తాగాడు.

"మరి బయట కూసున్నోళ్లది ఏ పద్ధతి?" అన్నాను. "వాళ్లకెందుకు పెట్టలేదు ఈ ఫలహారం?"

జవాబు అనిల్‌కుమార్ చెప్పాడు. ఎంత మామూలుగా చెప్పాడో! పాలవాడు పాల ధర చెప్పినట్టు చెప్పాడు.

"వాళ్లది రోజా పద్ధతి మేడం. లైవ్‌ల కనిపించేది వాళ్లే గదా. అయినా వాళ్లకు అలవాటే. పస్తులుండుడు వాళ్లకు కొత్తనా?"

శాంతి కుమార్ గారు అరటిపండు తొక్క తీసుకుంటూ ఉండిపోయారు. అలవాటే! ఆ మాట విన్నాక నాకు వాళ్ల మీద కోపం కూడా తగ్గిపోయింది. కోపం మనుషుల మీద వస్తుంది. వీళ్లను చూస్తే చీకట్లో జెర్రి మీద కాలు వేసినట్టు జుగుప్స కలిగింది.

"తాళం చెవి ఇయ్యి. బియ్యం ఇయ్యి. మా వాళ్లను మేం తీసుకపోతం."

భానుప్రసాద్ నవ్వుతూనే నా పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించాడు. నేను ఊరికే తిట్టే మనిషిని కాదు, అతను చెప్పింది కూడా మీకు చెబుతాను.

"బియ్యం హాలు ఎనుక వంటోళ్లు నానబెట్టిండ్రు, సాయంత్రం ఇఫ్తార్ బిర్యానీకి. అది వదిలేయి. మేడం, నువ్వు తెలివిగల్ల దానివి. జర విను. మేం సమితోళ్లం ఎంతమందిమి? ఒక్క చాప నిండుతం. ఎన్ని తలలుంటే అంత చందా. దుబాయ్‌ల ఉన్నోళ్లు లైవ్ చూస్తున్నరు. ముసలోళ్ల ముఖాలు చూసి రాస్తున్నరు. ఒక్క పూట ఆగితే నీకు ఏడాది తిండి వస్తది. గిప్పుడు నువ్వు వాళ్లను లేపుకపోతే అంతా బంద్. రాసినోళ్లు ఎనక్కి తీసుకుంటరు. రేపు పొయ్యి ఎట్ల ముట్టిస్తవ్? గల్లీల పిడికెడు బియ్యం రంజాన్ దాకనే గదా! ఆ తర్వాత?"

అదీ విషయం. ఒక్క పూట, ఏడాది. నేను గల్లీ గల్లీ తిరిగి గ్యాస్ బండకు చేయి చాపిన మనిషిని. ఆ మాట నా లోపల ఎక్కడో తగిలింది. తగిలిందని ఒప్పుకోవడానికి ఒళ్లు మండుతోంది, అయినా తగిలింది. మాపటి దాకా ఎంత, ఇంకొన్ని గంటలే కదా అని ఒక్క క్షణం అనిపించింది. కడుపు నిండినవాడి బేరం ఎంత నున్నగా ఉంటుందో అప్పుడు తెలిసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. ఇక్కడ ఆ ఎలుకకు గోలీ కూడా వేసి కూర్చోబెట్టారు.

"సాయవ్వ షుగర్ మనిషి," అన్నాను. "పడిపోతది."

"అంబులెన్స్ పెట్టినం గదా. బయట సూడలేదా?" అన్నాడు భానుప్రసాద్. అంబులెన్స్ నిజంగానే ఉంది. దాని మీద కూడా అతని ఫోటో ఉంది.

నేను నోరు తెరిచే లోపల వాహెదా వంగింది. ఇత్తడి గుండి రెండు చెవులూ కొంగుతో పట్టుకుని ఎత్తింది. తెల్లవారకముందు తిని, గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి. ఎలా ఎత్తిందో నాకు తెలియదు. శాంతి కుమార్ గారి చెంచా గాలిలోనే ఉండిపోయింది.

"అరె, వాహెదమ్మా! ఏం చేస్తున్నవ్?"

"నాకు రోజా ఉన్నది సేటూ, నేను తిన. పెడుత. లిడియా, పళ్లాలు పట్టు."

పళ్లాల దొంతర పట్టుకుని నేను ఆమె వెనక నడిచాను. అనిల్‌కుమార్ అడ్డం రాబోయాడు. కానీ అప్పటికే మేం తెర దాటాం, కెమెరా మా మీద ఉంది. రోజాలో ఉన్న ఒక ముస్లిం ఆడమనిషి చేతిలోంచి తిండి గిన్నె లాక్కుంటే దుబాయ్‌లో ఎలా కనిపిస్తుందో అతనికి తెలుసు. ఆ మాత్రం లెక్క వాళ్లకు బాగా వచ్చు. చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డాడు.

భానుప్రసాద్ మాత్రం మామూలు మనిషి కాదు. మీసం తుడుచుకుని, పరుగున వచ్చి మైకు అందుకున్నాడు.

"ప్రియమైన దాతలారా! చూడండి, మన సమితి ఎంత మానవత్వంతో పనిచేస్తున్నదో! వృద్ధుల ఆరోగ్యం కోసం ప్రత్యేక ఫలహారం ఏర్పాటు చేసినం!"

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇతను తన నోటి ముందు నుంచి మేం లాక్కున్నదాన్ని కూడా దానం చేసేశాడు. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు కూడా లైవ్‌లోకి వెళ్లింది, వెళ్లనీ.

వాహెదా మొదటి పళ్లెం నింపి సాయవ్వ ఒళ్లో పెట్టింది.

"తిను అవ్వా. మెల్లగ తిను."

సాయవ్వ పళ్లెం వైపు చూసింది. ఆమె చేతులు వణుకుతున్నాయి, పళ్లెం అంచు కుర్చీకి తగిలి టకటకమంటోంది. అయినా ముద్ద తీయలేదు. పళ్లేన్ని రెండు చేతులతో ఎత్తి వాహెదాకు తిరిగి ఇవ్వబోయింది.

"నేను తిన బిడ్డా."

"ఎందుకు? నీ కాళ్లు మొక్కుత అవ్వా, తిను. నీకు గోలీ ఎక్కింది."

"తిన. మాపటిదాక ఆగుత." ఆమె నా వైపు తిరిగింది. గొంతు సన్నగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది. "గా పిలగాడు సెప్పిండు బిడ్డా. మేం గంటసేపు ముందుగాల తిన్నా, రేపటిసంది షెడ్డుల పొయ్యి ముట్టియ్యరట. అందరికీ బంద్ అయితదట. గీ హన్మవ్వ ఉన్నది, దానికి నాకున్న రేషన్ కార్డు సుత లేదు. అగో, గా మూలకున్న ముత్తన్నకు కండ్లు కనిపియ్యవు. నేనొక్కదాన్ని ముద్ద తిన్ననని గీళ్లందరి కూడు పోగొట్టాల్నా? గంత కడుపుకాలుడు నాకు లేదు."

పొద్దున్నుంచీ వీళ్లను ఎవరో వ్యాన్ ఎక్కించి తెచ్చి కూర్చోబెట్టారనుకున్నాను. అమాయకులు, ఏమీ తెలియక కూర్చున్నారనుకున్నాను. సాయవ్వ తెలిసే కూర్చుంది. ఆ హాలు మొత్తంలో వాహెదా తర్వాత ఎవరి కోసమో ఉపవాసం ఉన్న మనిషి ఎవరంటే, ఆ ముసలిది. దాన్ని చూసి చందాలు రాయించుకుంటున్నవాళ్లు తెర వెనుక పల్లీలు నములుతున్నారు. థూ!

వరుసల్లో అందరూ మా వైపే చూస్తున్నారు. ఒక్కరూ పళ్లెం కోసం చేయి చాపలేదు. సాయవ్వ తింటే తింటారు, లేకపోతే లేదు. అది నాకు అర్థమైంది. ఆమె నుదుటి మీద చెమట ఇప్పుడు చెంపల మీదికి కారుతోంది.

నేను వేదిక ఎక్కాను. భానుప్రసాద్ చేతిలోంచి మైకు లాగాను. అతను వదల్లేదు, ఇంకోసారి లాగాను, వచ్చింది.

"సాయవ్వా, విను. అందరూ వినుండ్రి. రేపు మన వంట ఉంటది. ఎల్లుండి ఉంటది. రంజాన్ పోయినంక సుత ఉంటది. మీరు తిన్నా తినకపోయినా ఉంటది. ఇది నా మాట. ఇంక తినుండ్రి."

షెడ్డులో గింజ లేదు. పిడికెడు బియ్యం అన్నీ హాలు వెనుక బకెట్లలో నానుతున్నాయి. అయినా చెప్పాను. ఆ ముసలిది నా కళ్ల ముందు పడిపోతుంటే లెక్కలు చూసుకునే రకం కాదు నేను.

"నిజమేనా బిడ్డా?"

"నిజమే."

సాయవ్వ కళ్లు మూసుకుని, ప్రభువును రెండు మాటల్లో తలుచుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, వెనక్కి తిరిగి వరుసల వైపు గట్టిగా అంది. "తినుండ్రే! బిడ్డ మాటిచ్చింది."

అంతే, పళ్లాల కోసం చేతులు లేచాయి. ఒక్కొక్కరూ గుండె మీది పచ్చ బిళ్ల పీకి కుర్చీ కింద పడేశారు. హన్మవ్వ అయితే బిళ్లను పక్కనున్న ముత్తన్న పళ్లెం కింద పెట్టింది, పళ్లెం ఒరగకుండా. వాహెదా వడ్డిస్తూనే ఉంది. తాను తినని తిండిని అంత ప్రేమగా కొసరి కొసరి వడ్డించడం నేను ఎప్పుడూ చూడలేదు.

లైవ్ నడుస్తున్న ఫోనులో ఎవరో రాశారట, 'వీళ్లు రోజా ఉన్నోళ్లు కాదా?' అని. అనిల్‌కుమార్ పరుగెత్తుకొచ్చి సేటుకు చూపించాడు. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు చందాలు వెనక్కి తీసుకుంటున్నామని రాశారట. భానుప్రసాద్ ముఖం ఒక్క నిమిషంలో మాడిన రొట్టెలా అయింది. ఇంత సేపటికి మనిషి నిజంగా ఆకలేసినవాడిలా కనిపించాడు.

మైకు నా చేతిలోంచి తీసుకుని, గొంతు సవరించుకున్నాడు. "దాతలారా, ఒక గమనిక. లిడియా మేడం అందరి ముందు మాటిచ్చిండ్రు. రేపటిసంది అన్నదానం బాధ్యత వాళ్లదే. సమితికి ఏ సంబంధం లేదు." అని లైవ్ ఆపించాడు. తెర వెనుక నుంచి శాంతి కుమార్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "తొందరపడ్డవమ్మా లిడియా, ప్రార్థన చేసుకుని ఉండాల్సింది," అన్నారు. నేను ఆయన వైపు తిరగను కూడా లేదు. జవాబు చెప్పాలంటే ఎదుట మనిషి ఉండాలి.

"మీ ప్రార్థన మీ పళ్లెంల ఉన్నది సార్, పోయి పూర్తి చేసుకోండ్రి," అని వాహెదాయే అంది.

భానుప్రసాద్ నా దగ్గరకు వచ్చాడు. మైకు లేదు, కెమెరా లేదు. ఇప్పుడు నవ్వు కూడా లేదు. దగ్గరగా నిలబడి, నాకు మాత్రమే వినిపించేలా మాట్లాడాడు.

"మాట బాగిచ్చినవ్ మేడం. మంచిగనే ఇచ్చినవ్. వంట ఏడ చేస్తవ్?"

"ఏడ చేస్తం? ఎర్రన్న షెడ్డులనే. ఆయన మాకు కిరాయి లేకుండ ఇచ్చిండు."

"ఇచ్చిండు. కానీ నిన్న నాకు అమ్మిండు." ఆ మాట మీద తొందరేమీ లేదు అతనికి. "జాగ, షెడ్డు, బావితో సహా. పసుపు గోదాం పెట్టుకుంట. నిన్నే రిజిస్ట్రేషన్ అయింది. తాళం ఎవరిదనుకున్నవ్? ఇవ్వాళ ఉపవాసం కోసం ఏసింది కాదు అది. మంచిగుంటే నా మిల్లుల ఒక మూలకు వంట పెట్టిస్తుంటి, నా బోర్డు కింద. నువ్వే వద్దన్నవ్. మీ గిన్నెలు రేపు పొద్దుగాల రోడ్డు మీద ఉంటయి. వచ్చి తీసుకపో."

చెంచాలు పళ్లాలకు తగులుతూనే ఉన్నాయి, ఎవరో ఇంకొంచెం పల్లీలు అడుగుతున్నారు. ఎర్రన్న అమ్మాడా? మొన్ననే కదా అరుగు మీద కూర్చుని మా పప్పు తిని, 'నేనున్నన్ని దినాలు మీకేం రంది లేదమ్మా' అన్నాడు! వాహెదా గుండి అడుగు గీకుతూ నా ముఖం చూసి ఆగింది. "ఏమైంది?" అని కళ్లతోనే అడిగింది.

వెనుక నుంచి సాయవ్వ పిలిచింది. నిండు నోటితో, చేతుల వణుకు తగ్గి, పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వుతూ.

"లిడియా బిడ్డా! రేపు పప్పుల సింతపండు జర తక్కువెయ్యుండ్రి. మొన్నటిది పండ్లు జివ్వుమన్నయి."